అత్తకు నేను చూపిన గరుడుడు

1985 జూలై 6, శనివారం

ఈ నోటు పుస్తకం కొత్తది. ఎవరికీ చూపేది కాదు. చూపినా ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. ఈ అరవనాట ఈయనా పిల్లలూ తెలుగు మాట్లాడతారు గాని, చదివేదీ రాసేదీ అరవమే. కుప్పంలో మా నాన్న పలక మీద దిద్దించిన అక్షరాలు ఇన్నేళ్లకు ఇలా పనికొస్తున్నాయి.

వరుసగా రాస్తాను.

అత్త శనివారం గరుడుణ్ణి చూడందే అన్నం ముట్టదు. ఈయనకు పదేళ్ల వయసులో విషజ్వరం వచ్చి తగ్గినప్పుడు మొక్కుకున్నది. ముప్పై ఆరేళ్లయింది. నాలుగేళ్ల కిందట ఆమె రెండు కళ్లలోనూ పొర వచ్చినప్పటి నుంచి చూసే పని నాది. ఇద్దరం మిద్దె మీద నిలబడతాం. తెల్ల తల, ఎర్రమట్టి రంగు రెక్కలు కనబడగానే ఆమె మణికట్టు పట్టుకుని అటు తిప్పుతాను. పక్షి ఎటు పోతే చెయ్యి అటు. ఆమె దండం పెట్టుకుంటుంది. తరువాత నేను కిందికి వచ్చి క్యాలెండరులో ఆ తేదీ కింద వేళ, దిక్కు, ఎన్ని పక్షులు, మూడూ రాస్తాను. సోగత్తూరు చెరువు దగ్గర ఒక జత ఉంది. తొమ్మిదికో పదికో వస్తాయి. నాలుగేళ్లలో ఒక్క శనివారం కూడా తప్పలేదు.

ఇవాళ రాలేదు. పది దాటింది, పన్నెండు దాటింది. అత్తను మెట్ల గది నీడలో కూర్చోబెట్టి నేను ఎండలో నిలబడ్డాను. మూడున్నరకు ఆమె గోడకు తల ఆనించింది.

"మబ్బు పట్టి ఉండాదా, సౌభాగ్యం?"

"లేదత్తా. తేటగానే ఉండాది."

"అట్లయితే వస్తాడు. నువ్వు పోయి రెండు మెతుకులు తినిరా. నేను వింటా ఉంటా."

నేను పోలేదు. నాలుగూ పదికి తూర్పున తాటిచెట్ల మీద ఒక గద్ద తిరిగింది. ఒళ్లంతా గోధుమరంగు. ఉత్త గద్ద. అత్త పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకుని గద్ద వైపు తిప్పాను.

"వచ్చినాడత్తా."

చాలాసేపు దండం పెట్టింది. మెట్లు దిగేటప్పుడు, "ఈసారి గొంతు పలచగా ఉండాది" అన్నది.

క్యాలెండరులో రాశాను. 4.10, తూర్పు, ఒకటి. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. అది నా గుర్తుకు.

జూలై 7

అత్త బాగున్నది. రెండు ఇడ్లీలు తిన్నది. నేను చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో.

జూలై 13, శనివారం

9.20. పడమర. రెండు. తెల్ల తలలు రెండూ స్పష్టంగా చూశాను. చుక్క లేదు.

జూలై 20, శనివారం

1.00. తూర్పు. ఒకటి. చుక్క. అదే గద్ద. ఈసారి ఒంటిగంటకే చెప్పేశాను. నాలుగింటిదాకా ముసలామెను ఎందుకు మాడ్చాలి అనిపించింది.

జూలై 25

ఆ గద్ద ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా వస్తోంది. బావి పక్క కొబ్బరిచెట్టు మట్ట మీద కూర్చుని కిందికి చూస్తుంది. బియ్యం చెరుగుతుంటే చూస్తుంది. బట్టలు ఆరేస్తుంటే చూస్తుంది. మట్టిగడ్డ విసిరితే లేస్తుంది, ఒక చుట్టు తిరిగి అదే మట్ట మీద వాలుతుంది.

పాలు పోసే పాపక్క వచ్చినప్పుడు అత్త మిద్దె దిగుతోంది.

"ఏం రంగమ్మత్తా, మీ ఇంటికి గరుడుడు జీతానికి ఉండాడా? తప్పకుండా శనివారం వచ్చి నిలబడేదానికి?"

"నీ మాదిరి నీళ్లు కలిపేవాడు కాదు లేవే. చెప్పిన దినానికి వస్తాడు," అన్నది అత్త.

పాపక్క పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. చెంబు కడిగి తెచ్చి పాలు పోయించుకున్నాను.

కోడిపిల్లలు పదకొండు ఉండాలి. తొమ్మిదే ఉన్నాయి.

ఆగస్టు 3, శనివారం

పోయిన శనివారం జత వచ్చింది. ఇవాళ 11.40. తూర్పు. ఒకటి. చుక్క.

ఒక సంగతి. నేను అత్త మణికట్టు పట్టుకునే లోపలే ఆమె ముఖం గద్ద ఉన్న వైపు తిరిగింది. ఆమెకు తెలిసిపోయిందా? తెలిస్తే దండం ఎందుకు పెడుతుంది?

ఆగస్టు 4

తెలిసి ఉండదు. గాలి అటునుంచి వచ్చి ఉంటుంది.

ఆగస్టు 10, శనివారం

8.50. జత. చుక్క లేదు. హాయిగా అన్నం తిన్నాను.

ఆగస్టు 17, శనివారం

చుక్క. నాలుగోది. ఈసారి అత్తే వేలు చూపింది. "అదిగో," అన్నది. వేలు సరిగ్గా గద్ద మీదనే ఉంది. అది మా నెత్తి మీద చాలా కిందుగా తిరిగింది. ఉయ్యాలలో బిడ్డ అలిగినట్టు సన్నగా అరిచింది. నా అబద్ధం నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చినట్టుంది.

కోడిపిల్లలు ఏడు.

ఆగస్టు 22

ఈయనతో చెప్పాను. గద్ద కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందని.

"ఎత్తకపోయేది నువ్వు చూస్తివా?"

"చెట్టు మీదనే కాపరం ఉండాది. ఇంకేమి చూసేది?"

"అట్లయితే చచ్చిన కోడిపిల్లకు రెండు చుక్కలు ఫోలిడాల్ పురుగుమందు రాసి కంచె దగ్గర పెట్టు. వేరుశెనక్కాయలకు తెచ్చింది మిగిలి ఉండాది."

"పాపం కదా?"

"గద్దకు ఏం పాపం? నువ్వు శనివారం దండం పెట్టే సామి కాదు కదా అది."

ఆయన చొక్కా వేసుకుని అంగడికి వెళ్లిపోయారు. ఈ మాట ఊరికే అన్నారు. ఆయనకేమీ తెలియదు.

ఆగస్టు 23

సాయంత్రం చచ్చిన కోడిపిల్లకు మందు రాసి కంచె దగ్గర పెట్టాను. మిగతా పిల్లలను, కోడిని గంప కింద మూశాను. చేతులు సీకాయతో మూడుసార్లు కడిగాను.

కోడిపిల్లల కోసమే పెట్టాను.

ఆగస్టు 24, శనివారం

పొద్దున ఆరింటికి కంచె పక్కన పడి ఉంది. రెక్కలు సగం విప్పి, బోర్లా. దూరం నుంచి చూస్తే ఎవరో గోధుమరంగు శాలువ పారేసినట్టుంది. పార తెచ్చి గుంట తవ్వుతుంటే ముందు గదిలో బాడుగకు ఉండే కేశవన్ సారు పళ్లు తోముకుంటూ వచ్చారు. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. ఆయన మాటలన్నీ అరవంలోనే. నేను తెలుగులో రాసుకుంటున్నాను.

"ఏం పక్షి అమ్మా అది?"

"గద్ద సార్. కోడిపిల్లల్ని తింటా ఉండె."

ఆయన కూర్చుని తోకను విసనకర్రలా విప్పారు.

"గద్ద తోక మధ్యలో చీలి ఉంటుంది. దీనికి చూడండి, గుండ్రంగా ఉంది. ఇది గద్ద కాదమ్మా. మీ అత్తగారు శనివారం చూసే గరుడుడు. పిల్ల."

"గరుడుడికి తల తెల్లగా ఉంటుంది కదా సార్."

"పెద్దదానికి. పిల్లకు మొదటి ఏడు ఒళ్లంతా ఇదే రంగు. రెండో ఏడు తల తెల్లబడడం మొదలవుతుంది. మూడో ఏటికి మీరు చూసే రూపం వస్తుంది. చాలామంది దీన్ని గద్ద అనే అనుకుంటారు."

నేను నమ్మలేదు. అది ముసలి గద్ద అయి ఉంటుంది, రంగు వెలిసి ఉంటుంది అన్నాను. ఆయన రెక్క విప్పి ఒక్కొక్క ఈకా దూరం చేసి చూపించారు. పెద్ద పక్షికి పాత ఈకలూ కొత్త ఈకలూ కలిసి ఉంటాయట. పాతవి అంచులు అరిగి, కొత్తవి నల్లగా. దీనికి అన్నీ ఒకే వయసు ఈకలు. ఒకేసారి మొలిచినవి. ఒకే తానులో చింపిన గుడ్డల్లా ఉన్నాయి. అంచులు కూడా ఇంకా మాయలేదు. అది నా కళ్లకూ కనబడింది.

"మార్చిలో గుడ్డు నుంచి వచ్చి ఉంటుంది. ఆరు నెలలు కూడా నిండలేదు."

"ఆడదా, మగదా?"

ఎందుకు అడిగానో తెలియదు. నోటికి వచ్చింది.

"రంగులో తేడా ఉండదమ్మా. ఆడది కొంచెం పెద్దది. జత పక్కపక్కన ఉంటే చెప్పవచ్చు. ఒంటిగా ఉంటే కష్టం. కడుపు కోసి చూస్తే తెలుస్తుంది."

కొయ్యవద్దన్నాను. నా కుట్టుపని టేపు అడిగి తీసుకుని రెక్క మడత నుంచి కొస దాకా కొలిచి ఆయన పుస్తకంలో రాసుకున్నారు. ముప్పై ఏడున్నర సెంటీమీటర్లు. కాలేజీకి ఇస్తారా అన్నారు, గాజు పెట్టెలో పెడతారట. ఇవ్వనన్నాను. అత్తకు చెప్పవద్దన్నాను. ఆయన నోట్లో వేపపుల్ల పెట్టుకుని తల ఆడించారు.

సీతాఫలం చెట్టు వెనక పూడ్చాను. రెండడుగులు.

పదీ ఐదుకు జత వచ్చింది. అత్త చెయ్యి పట్టుకున్నాను. ఎన్నడూ రానంత కిందికి వచ్చాయి. కంచె మీద, కొబ్బరిచెట్టు మీద, మళ్లీ కంచె మీద. అరుస్తూ తిరిగాయి.

"ఏమే, ఇంత కిందికి వచ్చినాయి? ఏం వెతుకుతా ఉండాయి?"

"ఎలుకలేమో అత్తా."

క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడ్డాను. జూలై 6, జూలై 20, ఆగస్టు 3, ఆగస్టు 17. నాలుగు చుక్కలు. ఆ నాలుగు రోజులూ వచ్చింది గరుడుడే. అంటే నేను ఇంతవరకూ అత్తతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. రబ్బరుతో నాలుగు చుక్కలూ చెరిపేశాను. లెక్క సరిపోయింది.

ఆగస్టు 25

ఎలుకలు అన్న అబద్ధం ఒకటి ఉంది.

ఆగస్టు 31, శనివారం

9.35. జత. కొంచెం దూరం. దండం పెట్టి చేతులు దించాక అత్త కదల్లేదు.

"పిల్ల యాడ?"

"ఏ పిల్ల అత్తా?"

"అదే, పోయిన ఆడి నెలంతా నువ్వు చూపిస్తా ఉన్నావే. పలచ గొంతుది. తల్లి వెంట పడి తిండికి ఏడుస్తా ఉండె. ఆ గొంతు వినబడి రెండు వారాలాయె."

నాలుగేళ్లుగా ఈమెకు కళ్లు నేననుకున్నాను. ఈమె గొంతులు పట్టి తల్లినీ తండ్రినీ బిడ్డనూ వేరు చేసి పెట్టుకుంది. రంగు చూసేవాళ్లమే మోసపోయాం.

"రెక్కలు వచ్చి ఎగిరిపోయి ఉంటుందత్తా. చెరువు దాటి."

"చెప్పకుండానే పోయిందా," అన్నది. నవ్వుతూనే అన్నది.

ఇది అబద్ధం. ఇప్పుడు పెన్సిలు చుక్క పెట్టడానికి కూడా చోటు లేదు. క్యాలెండరులో రాసింది నిజమే కదా.

సెప్టెంబరు 7, శనివారం

12.15. జత. చాలా దూరం, చెరువు మీద. కిందికి రాలేదు.

సెప్టెంబరు 9

బావి గిలకలో ఆ అరుపు వినబడింది. నూనె పోశాను. వంటింటి తలుపు బందులో వినబడింది. నూనె పోశాను. ఊయల గొలుసుకు పోశాను. కుట్టుమిషనుకు పోశాను. ఇప్పుడు ఇంట్లో శబ్దం చేసే వస్తువు ఏదీ లేదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు, పట్టపగలు, పప్పు తాళింపు వేస్తుంటే సీతాఫలం చెట్టు వైపు నుంచి మళ్లీ వినబడింది.

అత్త కూడా తల ఎత్తింది. ఆమె తల ఎత్తింది నా గరిట కింద పడినందుకే అయి ఉంటుంది.

సెప్టెంబరు 14, శనివారం

3.20. ఒకటి. తెల్ల తలే. రెండోది లేదు.

సెప్టెంబరు 16

కేశవన్ సారును అడిగాను. చెరువు ఎండుతోంది, చేపలు లేవు, పక్షులు కావేరి పక్కకు, హొగేనక్కల్ వైపు పోయి ఉంటాయి, మీరు మనసులో పెట్టుకోకండి అన్నారు. మంచివారు. ప్రతి ఏడూ ఈ నెలలో చెరువు ఎండుతూనే ఉంది. ప్రతి ఏడూ నా క్యాలెండరులో రెండని రాసి ఉంది. పాత క్యాలెండర్లు నాలుగూ తీసి చూశాను.

సెప్టెంబరు 21, శనివారం

అరవ నెల పెరటాసిలో మొదటి శనివారం. తళిగ వేసి సామికి నైవేద్యం పెట్టాం. ఇంట్లో అందరూ ఒంటిపూటే. గరుడుడు 5.30కు. ఒకటి. ఎక్కడో చుక్కలా. నిజంగా చూశాను. అంతసేపు అత్త మంచినీళ్లు తప్ప ముట్టలేదు.

సెప్టెంబరు 28, శనివారం

రాలేదు.

వెలుతురు పోయేదాకా నిలబడ్డాం. కాకులు, కొంగలు, రెండు నిజమైన గద్దలు. ఇప్పుడు తోక చూడడం వచ్చింది. రెండింటికీ చీలి ఉంది.

అత్త అన్నం వద్దన్నది. చూసేదాకా అంతే, అది శనివారమైనా సోమవారమైనా అన్నది. తులసి నీళ్లు తాగింది.

సెప్టెంబరు 29

రాలేదు. ఈయన వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అన్నారు:

"చూసినానని చెప్పవే. ఏమి పోతుంది? నీ మాట అంటే అమ్మకు వేదం."

"తప్పు కదా?"

"డెబ్బై నాలుగేండ్ల మనిషి పస్తు ఉండేది తప్పు కాదా?"

జూలై నెలలో నేను నాతో చెప్పుకున్న మాటలే. వేరేవాళ్ల నోటి నుంచి వింటే ఇంత మామూలుగా ఉంటాయి.

మిద్దె ఎక్కి అత్త చెయ్యి పట్టుకుని ఉత్త ఆకాశం వైపు తిప్పాను.

"వచ్చినాడత్తా."

ఆమె చెవి అటు ఒగ్గింది. చాలాసేపు.

"గొంతు లేదే," అన్నది. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

సెప్టెంబరు 30

డాక్టరును తెస్తే సూది వద్దన్నది. "గరుడుడు రాని ఇంట్లో ఏమి లోపం జరిగిందో నాకు తెలియల్ల. తెలియకుండా ఏం తినేది," అన్నదట. ఈయన చెప్పారు. చెప్పి, పిల్లవాడిలా తువ్వాలుతో ముఖం కప్పుకున్నారు.

నేనూ తినలేదు. అది ఎవరూ గమనించలేదు. మంచిదే.

అక్టోబరు 1, మంగళవారం

చెప్పాను.

మెట్ల గదిలో చాప మీద పడుకుని ఉంది. మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అత్తా, ఆ పిల్ల ఇంక రాదు. నేనే చంపినాను. మందు పెట్టి. గద్ద అనుకొని."

ఆమె ముఖం గోడ వైపు ఉంది. తిప్పలేదు.

"ఎప్పుడు?"

"ఆగస్టు ఇరవై మూడు సాయంత్రం పెట్టినాను. పొద్దున పోయి ఉండె."

"గద్ద అనుకొన్నదాన్ని నాకెందుకు చూపిస్తివి?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. చంపినందుకు తిడుతుందనుకున్నాను. దానికి జవాబులు వరుసగా పెట్టుకుని మెట్లెక్కాను.

"నువ్వు గద్ద అనుకొనిందానికి నా చేత దండం పెట్టిస్తివా, సౌభాగ్యం?"

"మీరు అన్నం తింటారని."

"నా అన్నం కోసరం."

"అవునత్తా."

కింద కుక్కరు కూత పెట్టింది. ఆగింది. మళ్లీ పెట్టింది. ఎవరో దించారు.

"ఎన్ని నెలల పిల్ల?"

"ఆరు నిండలేదంట. కేశవన్ సారు ఈకలు చూసి చెప్పినాడు."

"కాల్చినావా, పూడ్చినావా?"

"పూడ్చినాను."

"అది సరి. ఏడాది లోపలి బిడ్డను పూడ్చేదే. మూడు దినాలు మైల. మూడో దినం పాలు పోయాల. మగబిడ్డకు మొలతాడు, ఆడబిడ్డకు రవికె గుడ్డ కూడా పెట్టాల. ఏం పెట్టినావు?"

"ఏం పెట్టలేదు."

"ఆడదా, మగదా?"

"తెలియదత్తా."

"మన వాకిట్లో పోయిన బిడ్డ ఆడదో మగదో తెలియకుండా మట్టి ఎట్ల వేస్తివి? పోయి కనుక్కోనిరా."

కేశవన్ సారు కాలేజీకి బయలుదేరుతున్నారు. చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వెళ్లి లావు పుస్తకం ఒకటి తీశారు. నా టేపుతో కొలిచిన కొలత వెతికారు. ముప్పై ఏడున్నర. పుస్తకంలో వేలు పెట్టి కిందికీ పైకీ చదివారు.

"మగదానికి రాసిన కొలతలో పడుతుందమ్మా. ఆడదానికి రాసిన దాంట్లోనూ పడుతుంది. సరిగ్గా మధ్యలో ఉంది. పిల్ల కాబట్టి ఇంకా కొంచెం పెరిగి ఉండవచ్చు కూడా."

"ఏదో ఒకటి చెప్పండి సార్."

"ఎట్లా చెప్పను? తెలియదు."

మెట్లు పద్నాలుగు. ఆడది అని చెబుదామనుకున్నాను. ఆడది అంటే రవికె గుడ్డ పెట్టి, స్నానం చేసి, అయిపోతుంది. తిని పడుకుంటుంది. పదో మెట్టు మీద ఆగాను. సీతాఫలం చెట్టు వైపు నుంచి ఏమీ వినబడలేదు. వినబడుతుందేమోనని కాసేపు నిలబడ్డాను కూడా.

"తెలియదత్తా," అన్నాను. "సారుకూ తెలియదు. పుస్తకంలో రెండు పక్కలా సరిపోతా ఉండాది."

అత్త అప్పుడు లేచి కూర్చుంది. ఆసరాకు నా భుజం కాదు, గోడ పట్టుకుంది.

"సరి. రెండూ తీసుకరా."

మొలతాడు, రవికె గుడ్డ, పసుపు. పాలు మూడో దినానికి. ఈయన భోజనానికి వచ్చేసరికి మేమిద్దరం తడి బట్టలతో చెట్టు దగ్గర కూర్చుని ఉన్నాం. గుంట మళ్లీ తవ్వలేదు. మన్ను చేత్తో కొంచెం తీసి రెండూ పెట్టి కప్పాం.

"ఏమి నడస్తా ఉండాది ఇక్కడ?"

"మన ఇంట్లో బిడ్డ పోయింది, దొరసామి," అన్నది అత్త. "మూడు దినాలు మైల. మైలలో మొక్కు చెల్లదు. అన్నం వేయమను."

ఆయన నా వైపు చూశారు. నేను మన్ను వైపు చూశాను. ఫోలిడాల్ సీసా ఏ అరలో ఉండేదో ఆయనకు గుర్తుకు వచ్చినట్టుంది. కంచె మీదికి చూపు పోయింది. బావి దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కుని, మళ్లీ కడుక్కున్నారు.

అత్త మజ్జిగన్నం తిన్నది. మూడు ముద్దలు. నన్ను కూడా తినమన్నది. నేను పస్తు ఉన్నానని ఆమెకు ఎలా తెలుసో.

అక్టోబరు 2

మైల. దీపం పెట్టలేదు. అత్త కంది కట్టు, అన్నం తిన్నది.

అక్టోబరు 3

పాలు పోశాం. అత్త నాతో మామూలుగానే మాట్లాడుతోంది. పులుసులో ఉప్పు తగ్గిందన్నది. పెరట్లో ఆరేసిన వడియాలు కాకులు తింటున్నాయేమో చూడమన్నది. చూడమన్నది అనే మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. వడియాల మాటే అది.

అక్టోబరు 5, శనివారం

పెరటాసి మూడో శనివారం. మైల తీరింది. మొక్కు మళ్లీ మొదలు.

ఏడున్నరకు అత్త తలంటుకుని, తడి జుట్టు ముడి వేసుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి అందించాను.

"నువ్వు వద్దు."

"మెట్లు అత్తా."

"పద్నాలుగు. నాకు తెలుసు."

ఒక్కొక్క మెట్టూ కాలితోనూ చేతికర్రతోనూ తడుముకుంటూ ఎక్కింది. ఎనిమిదో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. నేను కిందనే నిలబడి లెక్కపెట్టాను. పైన కర్ర చప్పుడు ఆ గోడ నుంచి ఈ గోడకు వెళ్లింది. ఆగింది.

నేను పెరట్లో కూర్చుని కూరగాయలు తరిగాను. పెరట్లోంచి తూర్పూ పడమరా రెండూ కనబడతాయి. తల దించలేదు. బెండకాయలు చూడకుండానే తరిగాను, వేలు కూడా తెగింది. తొమ్మిది, పది, పదకొండు. కాకులు. ఒక చీలిన తోక. పదకొండున్నరకు ఉత్తరం నుంచి మబ్బు వచ్చింది. దాని కింద ఏమీ లేదు. ఒక్క అరుపు లేదు. నేను ఊపిరి బిగబట్టి మరీ విన్నాను.

పన్నెండు గంటలకు మెట్ల మీద కాలి చప్పుడు. పద్నాలుగు. అత్త వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"వచ్చినాడు," అన్నది. "ఆకు వెయ్యి."

ఆమె ముఖం నా వైపే ఉంది. పొర కమ్మిన కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. ఏ దిక్కు నుంచి అని నేను అడగలేదు. ఒకటా, రెండా అని అడగలేదు. నిజమేనా అత్తా అని అడగడానికి నాకు నోరు లేదు.

ఆకు వేశాను. వడ్డించాను. తిన్నది.